ఇద్దరు పట్టుకునే గేమ్‌ప్యాడ్

చెల్లాయ్,

నీ దుకాణం నుంచి పంపిన రెండు గేమ్‌ప్యాడ్లూ తిప్పి పంపుతున్నాను, విసుక్కోకు. పాత వీడియో గేములు ఆడించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ పెట్టి మన చిన్నప్పటి ఆటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. పది రోజులుగా దాని చుట్టూ తిరగడమే తప్ప ఆడింది లేదు. ఒక ప్యాడ్ మరీ బుల్లిది. రెండోదానికి కొమ్ముల్లాంటి పిడులు, ఒక్కరికే పనికొస్తుంది.

నాకు మన పాతదానిలా పొడుగ్గా, చదునుగా ఉండేది కావాలి. ఇంట్లో ఒక్కటే ఉండేదని భుజాలు ఆనించుకుని ఇద్దరం పట్టుకునేవాళ్లం, గుర్తుందా? ఎడమవైపు నువ్వు ఆటలో బొమ్మని నడిపించేదానివి, కుడివైపు నేను దూకించేవాణ్ణి.

ఒక్కడివే ఆడుకోవచ్చుగా అంటావు. చెబుతాను, అమ్మకి మాత్రం తెలియనివ్వకు. పోయిన నెల ప్రెస్సులో కాగితాలు కోసే మిషన్ కింద నా కుడిచెయ్యి పడింది. మూడు వేళ్లు పోయాయి. రెండున్నాయి, కంగారు పడకు. మీ వదినని పక్కన కూర్చోబెట్టుకుంటే ప్రతిసారీ గుంటలో పడేస్తోంది. ఈ ఉత్తరం రాస్తున్నదీ తనే. ఆ ముక్క మాత్రం రాయనని కాసేపు కలం పక్కన పెట్టేసింది.

ఆదివారం అలాంటి ప్యాడ్ ఒకటి వెతికి పట్టుకుని రా. ఈసారి ఎడమవైపు నేను కూర్చుంటాను. దూకే బటన్ ఒక్కసారి ఇవ్వమని ఎంత ఏడ్చేదానివో. ఇక అది నీదే.

మీ అన్నయ్య