వీడియో లేనిదే బోర్డెక్కదు

జూన్ 2, సోమవారం. ఉదయం 6.10

ఈ రోజు నుంచి నేను కఠినాత్ముణ్ణి.

'డోంగీ రేస్' దీవుల బోర్డు నడిపేది నేను. ఫోన్లో ఆడే ఆట. రాళ్ల మధ్య నుంచి డోంగీని, అంటే చిన్న మోటారు పడవని, జెట్టీకి చేర్చాలి. తక్కువ సమయంలో చేర్చినవాళ్ల పేరు పైన ఉంటుంది. డిగ్లీపూర్ నుంచి లిటిల్ అండమాన్ దాకా అరవై మూడు మంది ఆటగాళ్లు. నాలుగేళ్లుగా ఒకటే పద్ధతి: ఇద్దరు "మేం చూశాం" అంటే చాలు, ఎక్కించేస్తాం.

నిన్న విశాఖ లీగ్ నుంచి మెయిల్ వచ్చింది. వాళ్ల ఫైనల్స్‌లో దీవులకు ఒక సీటట! మన బోర్డులో మొదటి పేరుకి. కాకపోతే ఇరవయ్యో తేదీలోగా ఆ పేరుకి వీడియో చూపించాలి. "సాక్షుల మాటలు మేము పరిగణించము" అని రాశారు. ఒళ్లు మండింది. మనం వీళ్లకి అంత అలుసా?

రూల్స్ రాసి గోడకి అంటించాను.

1. వీడియో లేనిదే బోర్డెక్కదు. పాత రికార్డులకూ అంతే.
2. వీడియోలో టైమర్ మొదటి నుంచి చివరి దాకా కనబడాలి.
3. ఆటగాళ్ల దగ్గర కానుకలు పుచ్చుకోరాదు.
4. ఇరవై దాకా ఆటగాళ్లతో ఫోన్ మాటలు బంద్.
5. చుట్టాలకు మినహాయింపు లేదు.

ఐదో రూల్ కింద రెండు గీతలు గీశాను. ఇక్కడి తెలుగువాళ్లలో ఎవర్ని కదిపినా ఎక్కడో ఒకచోట చుట్టరికం తగులుతుంది.

జూన్ 3. మధ్యాహ్నం 1.15

నలభై పేర్లు తీసేశాను. టీ చల్లారేలోపే.

సాయంత్రం 5.30

శ్రావణి ఫోన్. సిప్పీఘాట్‌లో ఉంటుంది, నాతో పాటు బోర్డు చూసుకుంటుంది.

"భయ్యా, నంబర్ వన్ ఎవరో చూశావా?"

చూశాను. గురువమ్మ, డిగ్లీపూర్, 1:48.2. వయసు యాభై ఏడు. ఎండుచేపల వ్యాపారం. నాకు సొంత మేనత్త. సాక్షులు: పక్కింటి బుల్లమ్మ, ఇంకా జెట్టీ మొత్తం. వీడియో: లేదు.

నంబర్ టూ ధనరాజు, 1:48.9. అంటే నేను. వీడియో: ఉంది.

"అత్త పోతే సీటు నీదే కదా భయ్యా?"

"అది యాదృచ్ఛికం."

"హా, బిల్కుల్," అంది. ఆ 'హా' నాకు నచ్చలేదు.

ఎవరూ వేలెత్తి చూపకూడదని అత్తకి మాత్రం గడువిచ్చాను. పద్ధతిగా మెసేజ్ పెట్టాను. "గౌరవనీయులైన గురువమ్మ గారికి, మీ రికార్డుకు సంబంధించిన వీడియోను ఇరవయ్యో తేదీలోగా పంపగలరు."

జూన్ 4. ఉదయం 7.00

అత్త నుంచి వాయిస్ మెసేజ్: "ఒరే ధనా, గారేటిరా? జొరమొచ్చిందేటి?"

జవాబివ్వలేదు. రూల్ 4.

జూన్ 5. మధ్యాహ్నం 12.40

నా ఉద్యోగం షిప్ టికెట్ల కౌంటర్లో. జోగులు క్యూలో గంట నిలబడి వచ్చాడు. మొన్నటిదాకా నంబర్ తొమ్మిది.

"ఎక్కడికి?" అన్నాను.

"టికెట్ కాదు భయ్యా. నా తొమ్మిదో నంబరు ఏటి సేసినావ్?"

వెనకాల క్యూ అంతా విన్నది. రూల్ చదివి వినిపించాను. వెళ్లిపోయాడు. కఠినంగా ఉండటం ఇంత సుఖమని తెలీదు.

అత్త మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ కట్ చేశాను.

జూన్ 8, ఆదివారం. సాయంత్రం 5.45

డిగ్లీపూర్ బస్సు కండక్టర్ వీరేంద్ర భయ్యా బస్టాండుకి రమ్మన్నాడు. వెళితే చేతిలో పెద్ద పొట్లం పెట్టాడు.

"డిగ్లీపూర్ దీదీ పంపింది. బహుత్ జరూరీ అంట. నీ చేతికే ఇయ్యమంది."

వాసన బట్టి విప్పకుండానే తెలిసింది. ఎండు నెత్తళ్లు, రెండు కిలోలు తగ్గవు. వీడియో అడిగితే నెత్తళ్లు! ఇది లంచం కాక ఏమిటి? సొంత అత్తే ఇలా చేస్తే నేను ఎవరికి చెప్పుకోవాలి?

లంబాలైన్‌లో మా ఇంటి దాకా ఆటోలో అదే వాసన. తిప్పి పంపుదామంటే వానకి దారిలో బారాటాంగ్ దగ్గర బస్సుని దాటించే ఫెర్రీ ఆగుతోందట, రేపు బస్సు డౌటు. పొట్లం పొట్లంగానే పక్కవాటా మహాలక్ష్మమ్మ ఆంటీకి ఇచ్చేశాను. రూల్ 3 నిలబడింది.

నోట్లో మాత్రం నీళ్లూరుతూనే ఉన్నాయి.

జూన్ 10. మధ్యాహ్నం 2.00

ఆంటీ గిన్నెడు నెత్తళ్ల పులుసు పంపింది. అరగంట ఆలోచించాను. ఆంటీ ఆటగాళ్ల జాబితాలో లేదు. కాబట్టి ఇది కానుక కాదు, పులుసు. మూడుసార్లు అన్నం పెట్టుకున్నాను.

గిన్నె తిరిగిచ్చేటప్పుడు తలకి ఏదో తగిలింది. ఆంటీ గుమ్మానికి కొత్తగా ఎర్రగుడ్డ మూట కట్టి ఉంది. మా ఇద్దరిదీ ఒకే వరండా, ఆ గుమ్మం ముందు నుంచే నా దారి. ఇది ఇక రోజూ తగుల్తుంది కాబోలు.

జూన్ 12. ఉదయం 11.20

జోగులు మళ్లీ వచ్చాడు. వీడియో ఉన్న ఫోన్ సముద్రంలో పడిపోయిందట. న్యాయంగా ఆలోచిస్తే అందులో అతని తప్పేముంది? రూల్ 1కి చిన్న సవరణ: సముద్రంలో పడిన ఫోన్లకు మినహాయింపు.

జూన్ 13. సాయంత్రం 6.00

ఒక్క రోజులో ముప్పై ఒక్క ఫోన్లు సముద్రంలో పడ్డాయి.

జూన్ 15, ఆదివారం. మధ్యాహ్నం 3.30

ప్రస్తుత పరిస్థితి: తీసేసిన నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది వెనక్కి వచ్చేశారు. ఒకడి ఫోన్ని కోడి పొడిచిందట. ఒప్పుకున్నాను.

నలభయ్యో మనిషి పెళ్లి పనుల్లో ఉండి అడగలేదు. ఇక తేలనిది అత్త ఒక్కతే. ఎవరి మీదా కఠినంగా లేకపోతే విశాఖ వాళ్లు నన్ను మోడరేటర్ అంటారా? కఠినంగా ఉండటానికి ఎవరో ఒకరు మిగలాలి.

నంబర్ వన్ పక్కన నా పేరు ఎలా ఉంటుందో ఒకసారి టైపు చేసి చూశాను. బాగుంది. చెరిపేశాను.

జూన్ 17, మంగళవారం. సాయంత్రం 4.20

శ్రావణి సిప్పీఘాట్ నుంచి స్కూటీ మీద తడుస్తూ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది. అత్త గొంతు.

"సరావణమ్మా, ఆడు నా పోను ఎత్తడం నేదు. ఆడికి సెప్పు. నెత్తళ్లల్లో కార్డెట్టినాను. బుల్లమ్మ పోన్లో తీసిన ఈడియో అందులో ఉన్నాది. ఇక్కడి నెట్టుకి అంత పెద్దది ఎక్కదు కదా తల్లీ. తడవకుండా ఎర్రగుడ్డలో కట్టినాను. అందిందో నేదో, ఆడు ఉలకడూ పలకడూ."

"భయ్యా, నెత్తళ్లేవి?" అంది శ్రావణి.

"రూల్ 3," అన్నాను.

శ్రావణి గోడ మీద కాగితం వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

ఇద్దరం పక్కవాటాకి పరిగెత్తాం.

"ఆ ఎర్ర మూటా? నెత్తళ్ల మధ్య ఉంది బాబూ. మీ అత్త దిష్టికి మంత్రించి పంపిందేమో అనుకొని గుమ్మానికి కట్టాను. కట్టినప్పటి నుంచీ ఇంట్లో ప్రశాంతంగా ఉంది."

వారం రోజులుగా దీవుల రికార్డు నా నెత్తికి కొట్టుకుంటోంది. నేను తల వంచుకుని వెళ్తున్నాను.

విప్పబోతే ఆంటీ చేయి పట్టుకుంది. "మంగళవారం దిష్టిమూట విప్పుతారా ఎవరైనా? రేపు రండి."

ఆంటీ ముందు నా రూల్స్ ఏపాటివి?

జూన్ 18. ఉదయం 6.30

బదులుగా నిమ్మకాయ, మిరపకాయలు తెచ్చిచ్చి మూట విడిపించుకున్నాను. కార్డు పొడిగా ఉంది. నెత్తళ్ల వాసన మాత్రం పోలేదు.

ఉదయం 8.00

శ్రావణి, నేను వీడియో చూశాం. అత్త చేపలు ఎండేసిన వల పక్కన పీట మీద కూర్చుని ఆడుతోంది. 0:52 దగ్గర కాకిని తిట్టింది. కాకి పోయింది, డోంగీ వేగం తగ్గలేదు. అబ్బా, ఏం ఆట! 1:45 దగ్గర బుల్లమ్మ బొటనవేలు వచ్చి టైమర్ మీద కూర్చుంది. రెండు సెకన్లకి లేచింది. చివర 1:48.2.

"రూల్ 2," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"ఠీక్ హై భయ్యా. అలాగే నీ వీడియో కూడా చూద్దామా?"

చూశాం. 1:31 దగ్గర ఫోన్ వస్తోందని చూపే పట్టీ పైనుంచి దిగి టైమర్‌ని కప్పేసింది. పట్టీ మీద పేరు: గురువమ్మ అత్త. నా వేలు వచ్చి కట్ చేసింది. పట్టీ ఉన్నది రెండు సెకన్లు.

ఇది నాకు ఇవాళ తెలిసింది కాదు. నాలుగు నెలలుగా తెలుసు. డైరీలో కూడా రాయలేదు. సిగ్గేసింది. సీటు నాకు కావాలి, అంతే. రూల్స్ అన్నీ దానికోసమే రాశానేమో, ఇంతకంటే వివరంగా రాయలేను.

జూన్ 19. మధ్యాహ్నం 1.30

అత్త వీడియో విశాఖకి పంపాను. కింద రాశాను: "రెండు సెకన్లు అడ్డొచ్చిన వేలు బుల్లమ్మ గారిది. కావాలంటే ఆమె సాక్ష్యం చెబుతారు."

సాయంత్రం 4.50

జవాబు వచ్చింది. ఒప్పుకున్నారు! కాకిని తోలుతూ ఆడినవాళ్లని ఇంతవరకు చూడలేదట. సీటు అత్తదే. డిగ్లీపూర్‌లో నెట్ సరిగా ఉండదు కాబట్టి జూలైలో ఆన్‌లైన్ ఫైనల్స్ మా ఇంటికొచ్చి ఆడుతుంది. నిజంగానే సంతోషం వేసింది. సగం. మిగతా సగం రేపటికి వస్తుంది.

కొత్త రూల్ 6: మోడరేటర్ వీడియోని మోడరేటర్ చూడరాదు. నంబర్ వన్ చూడాలి. నా వీడియో కార్డులో ఎక్కించి వీరేంద్ర భయ్యా చేతికిచ్చాను.

జూన్ 21. ఉదయం 9.10

అత్త తీర్పు, వాయిస్ మెసేజ్:

"ఒరే ధనా, మూడుసార్లు సూసినాను. నా పోను కట్ సేసినావు. ఆయేల నీకు జొరమని మీయమ్మ సెప్తే, తిన్నావో నేదోనని సేసినాను. పలకనేదని రేత్రంతా బెంగెట్టుకున్నాను. నువ్వు పడవలాడతన్నావా? తీసీ."

తీసేశాను. ఈసారి నా ఒక్క పేరుకే టీ చల్లారిపోయింది.

జూన్ 22, ఆదివారం. ఉదయం 6.10

ఈ రోజు నుంచి నేను కఠినాత్ముణ్ణి. గోడ మీద పాత కాగితం చింపి కొత్తది అంటించాను. వీడియో లేనిదే బోర్డెక్కదు. ఫోన్ సముద్రంలో పడినా, కోడి పొడిచినా అంతే. నా పేరు కూడా కొత్తగా ఆడి, కొత్త వీడియోతోనే ఎక్కుతుంది.

ఉదయం 7.40

రికార్డింగ్ ఆన్ చేసి మొదలెట్టాను. ఇంత బాగా ఎప్పుడూ ఆడలేదు. 1:31కే ఆఖరి రాయి దగ్గరికొచ్చేశాను. ఇలాగే పోతే 1:46. అత్త రికార్డు కూడా పోతుంది!

పట్టీ దిగింది. గురువమ్మ అత్త.

ఎత్తాను.

"తిన్నావేటిరా?"

"ఇంకా లేదత్తా."

"మరేటి సేత్తన్నావ్?"

డోంగీ రాయికి కొట్టుకుని మునిగింది. ఏమీ చేయట్లేదని చెప్పాను.

రేపు ఉదయం 6.10 నుంచి మళ్లీ మొదలు. ఈసారి ముందే తినేసి కూర్చోవాలి.