అత్తా, ఆ యాప్ తీసెయ్

అత్తా,

ఫోన్‌లో అడిగితే "బ్రహ్మాండంగా ఉందిరా" అనేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నేనూ నా స్నేహితురాలూ కలిసి దర్జీలు కొలతలు రాసి దాచుకోవడానికి చేసిన యాప్‌ను రోజూ తెరిచేది నువ్వొక్కదానివే. మిగతావాళ్లంతా వారం తిరక్కుండానే మానేశారు. అయినా నీ మెచ్చుకోలు చూసుకుని మురిసిపోతూ కొత్త హంగులు చేర్చుకుంటూ పోయాం.

మొన్న చెప్పాపెట్టకుండా నీ దుకాణానికి వచ్చాను కదా, గుమ్మంలోంచే చూశాను. కొలతలు చీటీ మీద రాసి, గుండుసూదితో ఆ బట్టకే గుచ్చి పక్కన పెట్టావు. నన్ను చూడగానే గబగబా ఫోన్ అందుకుని అవే కొలతలు మళ్లీ ఎక్కించావు. ముందు నవ్వొచ్చింది. తర్వాత అనుమానమొచ్చింది.

నా మీద ప్రేమకొద్దీ వాడుతున్నావా, పనికొచ్చి వాడుతున్నావా? వచ్చే నెల నా స్నేహితురాలు ఉన్న ఉద్యోగం వదిలేసి ఇందులోకి దూకబోతోంది. ఈలోపే నాకిది తేలాలి.

అందుకని ఆ యాప్ తీసెయ్. పని మధ్యలో ఎప్పుడైనా "అయ్యో, అదుంటే బాగుండేది" అనిపిస్తే, అప్పుడు నీ చేతిలో ఏ పనుందో రాయి. ఏమీ అనిపించకపోతే అదీ రాయి. చీటీ, గుండుసూదీ చేయలేనిది అసలేముందో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది.

దీనికి కూడా "బ్రహ్మాండం" అని జవాబిచ్చావో, నీతో మాట్లాడను.

నీ మేనల్లుడు