“అర్థమైందా?” మానేశాను

అమ్మకు,

బెంగపడకు, నా ఉద్యోగం నిలిచింది! “అర్థమైందా అంటే ఎవరైనా అయిందనే అంటారు. పుస్తకాలు మూయించి, వాళ్ళచేత చెప్పించు” అని పోయిన నెల నా పాఠం విని హెడ్మిస్ట్రెస్ చీవాట్లు పెట్టారు కదా. అప్పట్నుంచీ రోజూ అదే పని. ఇవాళ ఆవిడ మళ్ళీ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఎప్పుడూ మూగనోము పట్టినట్టుండే ఒక పిల్ల లేచి, “ఎనిమిదో వంతు నాలుగో వంతుకన్నా చిన్నది. పంచుకునేవాళ్ళు పెరిగితే ముక్క తగ్గిపోదా?” అని, వెనక్కి తిరిగి “అర్థమైందా మేడం?” అంది.

“అయిందమ్మా.”

“అయితే మీరు చెప్పండి!”

క్లాసంతా గొల్లుమంది, అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆవిడే.

నా స్వెట్టర్ పంపు. చెల్లి దగ్గు తగ్గిందా? నాన్నకి ఈ కార్డు చదివి వినిపించు. “సర్లే, అర్థమైంది” అంటే ఒప్పుకోకు. కార్డు దాచేసి, ఏం రాశానో ఆయనచేతే చెప్పించు.

మీ ఇద్దరికీ నమస్కారాలతో,
మీ టీచరమ్మ