ఒడిబియ్యం మూట, రైల్వే వారి బాధ్యత

వరంగల్

గౌరవనీయులైన రైల్వే ప్రమాదాల ఆఫీసరు గారికి,

స్టేషన్ రోడ్డులో ఇత్తడి సామాన్ల దుకాణం నడుపుకొనే రాయమల్లు నమస్కరించి రాస్తున్నది. మీరంతా క్షేమమని తలుస్తాను. కుడి కాలు తప్ప నేను క్షేమమే.

సంగతేమిటంటే, పోయిన నెల మా చెల్లె లక్ష్మీనర్సమ్మ డోర్నకల్ నుంచి మా ఇంటికి వచ్చింది. మా ఇంటావిడ మొగిలమ్మ పద్ధతి ప్రకారం ఆమెకు ఒడిబియ్యం పోసింది. పుట్టింటివాళ్లు ఒడిలో పోసిన ఆ పసుపు బియ్యాన్ని ఆడబిడ్డ అత్తగారింటికి తీసుకుపోయి, వండి, నలుగురికి పెట్టాలి. మీకు తెలియంది కాదు. తిరిగి పోయేటప్పుడు ఆ మూటను ఆటోలోనే మరిచిపోయాం. నేను పరుగెత్తి తెచ్చి, బండెక్కి, చెల్లె ఒళ్లో పెట్టాను. దిగుతుండగా బండి కదిలింది. ప్లాట్‌ఫారం మీద పడ్డాను. మడమ దగ్గర ఎముక విరిగింది.

ఇప్పుడు మా చెల్లె ఆ మూట విప్పడం లేదు. "మా అన్న కాలు ఇరగ్గొట్టిన బియ్యం నా గొంతుల దిగయి" అంటున్నదట. దేవుని అరలో పెట్టి రోజూ దాని ముందు కూర్చొని ఏడుస్తున్నదట. కనుక దయచేసి "తప్పు రైలుదే, బియ్యానిది కాదు" అని స్టాంపు వేసిన కాగితం ఒకటి ఇప్పించండి. ఆమె నా మాట నమ్మదు గానీ సర్కారు స్టాంపును నమ్ముతుంది.

పైసలు నాకు వద్దు. మా మనుమరాలు హారిక ఆన్‌లైన్‌లో పెడదామని కూర్చుంది గానీ, ఎంత కావాలో అంకె వేయందే ఆ కంప్యూటరు ముందుకు పోనివ్వలేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ దయ కోరే
రాయమల్లు

తా.క. పడినప్పుడు నా ఎడమ చెప్పు బండితో పాటే పోయింది. ఈపాటికి విజయవాడ చేరి ఉంటుంది. టికెట్ లేకుండా ప్రయాణించిందని దాని మీద కేసు పెట్టకండి.

కాజీపేట

శ్రీ రాయమల్లు గారికి,

విషయం: కదులుతున్న రైలు నుంచి దిగి గాయపడినందుకు నష్టపరిహారం కోరుతూ మీరు చేసుకున్న విజ్ఞప్తి.

మీ విజ్ఞప్తి అందింది. ఆ రోజు మీ దగ్గర ప్లాట్‌ఫారం టికెట్ ఉంటే మిమ్మల్ని ప్రయాణికుడిగానే పరిగణిస్తాము. అయితే మీరు ప్రమాదవశాత్తు పడ్డారా, లేక మీ ఇష్టంతో దిగారా అన్నదాన్ని బట్టి రైల్వే బాధ్యత ఉంటుంది. కనుక ఆ సంగతి స్పష్టంగా తెలపండి. ఈల విన్న వెంటనే ఎందుకు దిగలేదో కూడా రాయండి.

ప్రమాదానికి కారణమని మీరు పేర్కొన్న బియ్యం మూట ముఖ్యమైన సాక్ష్యాధారం. విచారణ పూర్తయ్యే వరకు దాన్ని విప్పకుండా, ముద్ర వేసి భద్రపరచవలసిందిగా సాక్షి లక్ష్మీనర్సమ్మ గారికి విడిగా ఉత్తరం పంపాము.

భవదీయురాలు
శోభారాణి, విచారణాధికారి

తా.క. మీ చెప్పు మీద కేసు పెట్టే ఉద్దేశం లేదు. కదిలే బండి దిగినందుకు మీ మీదే పెట్టవచ్చు. గమనించగలరు.

వరంగల్

శోభారాణి మేడం గారికి రాయమల్లు నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అందకపోయినా బాగుండేది. నలుగురూ నచ్చజెబితే మా చెల్లె ఈపాటికి మూట విప్పేదే. ఇప్పుడు మీ కాగితం చేతిలో పట్టుకొని, "సర్కారే ఇప్పొద్దన్నది, నేనెట్ల ఇప్పుత?" అని వాడకట్టంతా చూపిస్తున్నదట. ముడి మీద లక్క కరిగించి పోసి, మా బావ పాండురంగం ఉంగరంతో ముద్ర కూడా వేసిందట. ఆ బియ్యానికి పురుగు పడితే పుట్టింటికి మంచిది కాదని మా మొగిలమ్మకు ఫికర్ పట్టుకుంది. నేను మిమ్మల్ని ఒక ఇంట్లో ఏడుపు ఆపమని అడిగాను. మీరు రెండో ఇంట్లో కూడా మొదలుపెట్టించారు.

నష్టపరిహారం నేను అడగలేదని మరోసారి మనవి. ఎక్కడికీ పోకుండానే నన్ను ప్రయాణికుణ్ని చేశారు, అందుకు సంతోషం. ఇక పడ్డానా, దిగానా అంటే, దిగడం నేనే దిగాను. పడడం మాత్రం దానంతట అదే జరిగింది.

ఈల విని ఎందుకు దిగలేదంటే, టీ అమ్మే అతను తన డబ్బా పెట్టుకొని తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. అంతకు మించి ఏమీ లేదు. ఇక దీని గురించి మా చెల్లెను ఏమీ అడగకండి.

మీ
రాయమల్లు

తా.క. దవాఖానలో డాక్టరు కూడా మీలాగే, "పెద్దాయనా, పడ్డవా, దుంకినవా?" అని అడిగాడు. "ఎట్లైనా ఎముక ఒక్కతీరే అతుకుతది కద సారు" అన్నాను. మీ ఆఫీసులో ఆ డాక్టరు లాంటి వాళ్లు ఇంకెంతమంది ఉన్నారు?

కాజీపేట

శ్రీ రాయమల్లు గారికి,

మీ జవాబు చూశాము. ఆ ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే ఎల్లస్వామిని పిలిపించాము. తలుపుకు అడ్డం నిలిచినందుకు సంజాయిషీ ఇచ్చేవరకు స్టేషన్‌లో టీ అమ్మకూడదని చెప్పాము.

ఆయన మాట వేరుగా ఉంది. "నేను బండే ఎక్కలే మేడం. పడ్డ పెద్దమనిషిని లేపి, బల్ల మీద కూసోవెట్టి టీ తాపింది నేనే. తాగినంక చక్కెర తక్కువైందన్నడు" అని చెప్పాడు. బండి కదిలిన తర్వాత కూడా మీరు తలుపు దగ్గర ఊరికే నిలబడి ఉన్నారని, లోపలి నుంచి ఎవరిదో చెయ్యి మీ చేతిని గట్టిగా పట్టుకొని ఉందని కూడా అన్నాడు.

మొదటి ఉత్తరంలో దిగుతుండగా బండి కదిలిందన్నారు. రెండో ఉత్తరంలో టీ డబ్బా అడ్డం వచ్చిందన్నారు. ఏది నిజం? ఆ చెయ్యి ఎవరిది? అది దొంగ చెయ్యి అయితే కేసును రైల్వే పోలీసులకు పంపవలసి వస్తుంది.

భవదీయురాలు
శోభారాణి

తా.క. మీ చెప్పు గురించి పోయిన వస్తువుల విభాగానికి రాశాము. జత సరిపోల్చుకోవడానికి కుడి చెప్పు కూడా పంపమన్నారు.

వరంగల్

శోభారాణి మేడం గారికి, రాయమల్లు తలవంచుకొని రాస్తున్నది.

ముందు ఎల్లస్వామిని టీ అమ్ముకోనివ్వండి. అతను అడ్డం నిలబడలేదు. నేను అబద్ధం రాశాను. పోలీసులకు పంపకండి. ఆ చెయ్యి మా చెల్లెది.

చెల్లె కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశానికి నన్ను ఫోన్‌లో పిలిచింది. తోడబుట్టినవాణ్ని ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలి. నేను పోలేదు. పోకపోవడం తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. అప్పటి నుంచి ఏళ్ల తరబడి మాకు మాటల్లేవు. మొగిలమ్మ పోరు పడలేక ఇద్దరం ఈ ఒడిబియ్యానికి ఒప్పుకొన్నాం. ఆ రోజు కూడా మా ఇంట్లో ఆమె నాతో మాట్లాడలేదు. అన్నం తినేటప్పుడు, "వదినా, మీ ఆయనకు ఇంత పప్పు ఎయ్యి" అని గోడ వైపు చూసి చెప్పింది.

బండిలో మూట ఒళ్లో పెట్టి వెనక్కి వస్తుంటే, నా వెంట తలుపు దాకా వచ్చింది. నా చెయ్యి పట్టుకొని, "అన్నా, గిట్ల బక్కగైనవేందే" అన్నది. అంతే. ఆ మాటకే అక్కడే ఆగిపోయాను. ఈల వినబడింది మేడం. బండి కదలడం కూడా తెలిసింది. ఇన్నేళ్లకు నన్ను అన్నా అని పిలిచిన మనిషి చెయ్యి విడిపించుకొని ఎట్లా దిగేది? ప్లాట్‌ఫారం అయిపోవస్తుంటే ఇక తప్పక దిగాను.

ఇది బయటపెడితే ఆమె పట్టుకోవడం వల్లే నేను పడ్డట్టు అవుతుంది. ఆమె లోపల కుమిలేది కూడా అందుకే, బియ్యం వట్టి సాకు. రైలుకైతే ఏముంది, ఎంత బరువు వేసినా మోస్తుంది. అందుకే తప్పు దాని మీద వేద్దామనుకున్నాను. ఈ బాధతో ఆమె మళ్లీ నాతో మాటలు బంద్ చేస్తే, ఈ వయసులో ఇంకోసారి కలుపుకొనే ఓపిక నాకు లేదు. ఈ ఉత్తరం ఆమెకు చూపించకండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

రాయమల్లు

తా.క. ఎల్లస్వామి టీలో చక్కెర తక్కువన్నది మాత్రం నిజం. ఆ మాట వెనక్కి తీసుకోను.

కాజీపేట

రాయమల్లు గారికి నమస్కారాలు.

సాక్షి వాంగ్మూలం కోసం నిన్న డోర్నకల్ వెళ్లాను. మీ చెల్లెలు తలుపు తీయగానే, "తప్పు నాదే బిడ్డా, రాస్కో. మా అన్న చెయ్యి నేనే ఇడువలే" అని బేడీలకు అన్నట్టు రెండు చేతులూ ముందుకు చాచారు. అన్న చెయ్యి పట్టుకోవడం నేరమని మా నిబంధనల్లో ఎక్కడా లేదని చెప్పాను. నమ్మలేదు.

ఇక వేరే దారి లేక మీరు చూపించవద్దన్న ఉత్తరం చదివి వినిపించాను. నన్ను క్షమించాలి. ఈల వినబడిందన్న చోట నన్ను ఆపేశారు. "ఇన్నడా? ఇని గూడ దిగలేదా? నేను గట్టిగ పట్టుకున్న గద, దిగరాక ఆగిండనుకున్న. ఉండబుద్ధై ఉన్నడా?" అని మళ్లీ మళ్లీ అడిగారు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో నాకే గుర్తు లేదు. తర్వాత కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చారు. ఏడుస్తూనే నవ్వారు. లేచి పోయి మూట తెచ్చి, లక్క ముద్రను రుబ్బురాయితో తనే పగలగొట్టారు.

విచారణ ఫలితం ఇది. రైలు వేళకే కదిలింది. బియ్యంలో దోషం లేదు, పురుగు కూడా లేదు. ఈల విని కూడా తన ఇష్టంతో ఉండిపోయి, కదిలే బండి నుంచి దిగినందున ఈ ప్రమాదానికి పూర్తి బాధ్యత రాయమల్లు గారిదే. రైల్వేకు గానీ, చెల్లెలికి గానీ ఇందులో ఎలాంటి బాధ్యతా లేదు. మీరు కోరినట్టే అక్కడే రాసి, స్టాంపు వేసి మీ చెల్లెలికి ఇచ్చాను. మూట ఉన్నచోట ఇప్పుడు ఆ కాగితం ఉంది. దానికి కూడా పసుపు పెట్టారు.

భద్రపరచమన్న సాక్ష్యాధారం పరమాన్నంగా వాడకట్టుకంతా వడ్డించబడింది. పరిశీలన నిమిత్తం నేనూ రెండుసార్లు పెట్టించుకున్నాను. ఆధారమేదీ మిగలనందున ఫైలు మూసివేయడమైనది. ఎల్లస్వామి ఈ ఉదయం నుంచి టీ అమ్ముకుంటున్నాడు.

మీ
శోభారాణి

తా.క. మీ ఎడమ చెప్పు విజయవాడ పోలేదు. బండి మెట్టు మీద చిక్కుకుంటే మీ చెల్లెలు తీసి, కొంగులో చుట్టుకొని ఇంటికి తెచ్చుకున్నారట. మీకు చేరుస్తానంటే నా చేతికి ఇవ్వలేదు. "ఫోన్ల పిలిస్తె మా అన్న రాడు. నీ కవర్లనే జర బొట్టు పెట్టి పంపు బిడ్డా. అన్న వచ్చి, తిని, చెప్పు తొడుక్కొని పోతడు" అన్నారు. కుంకుమ పొట్లం జతపరిచాను. డోర్నకల్‌లో బండి పూర్తిగా ఆగిన తర్వాతే దిగగలరు.