గాలికొండ దగ్గర దిగలేదు

విశాఖపట్నం,
మంగళవారం.

అమ్మకి,

సన్నీ దండాలు పెట్టి రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. పారాదీప్‌లో నువ్వూ, అక్కా, బావా, పాపా కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. ఫోన్ చేస్తే ఇద్దరం మాటల్లేకుండా చెవికి పెట్టుకుని కూర్చుంటున్నాం. నువ్వు ఉత్తరం రాయడమే మంచిదైంది.

అడిగినవన్నీ చెబుతాను. వంట చేసుకుంటున్నాను. పిన్ని అప్పుడప్పుడు కూర పంపిస్తోంది. ఏం కూరో తిన్నాక గుర్తుండటం లేదు. స్టీల్ ప్లాంట్‌కి మళ్ళీ డ్యూటీకి వెళుతున్నాను. వేటకెళ్ళిన నాన్న తుపానులో కనబడకుండా పోయాక నువ్వు రేవు గట్టు మీదనుంచి కదలకుండా కూర్చున్నావే, ఆ చోటికి కూడా వెళ్ళాను. ఒడిశా వైపు నుంచి వచ్చిన బోట్లవాళ్ళని అడిగాను. ఎవరూ ఏమీ చూడలేదన్నారు.

సైకిలు యాత్రకి వెళ్ళానా అని అక్క అడిగిందని రాశావు. వెళ్ళాను. తుపానుకి ముందే పేరిచ్చాను కదా. “కొండెక్కడానికి బస్సుల్లేవేట్రా?” అని నాన్న నవ్వాడు కూడా. ప్లాంట్‌లో నాతో పనిచేసే కార్తీక్ ఇంటికొచ్చి, “నీ పేరు నాను తీయించలేదు బావా, వచ్చీ,” అన్నాడు. రానని చెప్పడానికి కూడా ఓపిక లేక బయల్దేరాను.

శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మొదలైంది. మమ్మల్ని నడిపించేది మహేశ్వరి గారని, హైస్కూల్లో డ్రిల్ టీచరు. దారిలో అందరూ ఆగి లోయని ఫోటోలు తీసుకున్నారు. నేనూ చూశాను. చెట్లు, కాఫీ తోటలు, కింద రైలు పట్టాలు. బాగున్నాయని తెలిసింది, అంతే. కాళ్ళు వాటి మానాన అవి తొక్కుతున్నాయి.

అనంతగిరి దాటి గాలికొండ దగ్గరికి వచ్చేసరికి గాలి లేచింది. వాన లేదు, ఒట్టి గాలి. మలుపు తిరగగానే పక్కనుంచి కొట్టింది. కార్తీక్ సైకిలుతో సహా రోడ్డుకడ్డంగా పడ్డాడు. మోచేయి చీరుకుపోయింది. “దిగండి! అందరూ దిగి నడిపించండి!” అని మహేశ్వరి గారు అరిచారు. అందరూ దిగారు.

నేను దిగలేదు, అమ్మా. ఇది ఫోన్లో చెప్పలేకపోయాను. ఆవిడ అరుపు నాకు వినపడింది. అయినా తొక్కుకుంటూ పోయాను. గాలి నన్ను లోయ వైపు నెడుతోంది. అక్కడ పిట్టగోడ విరిగిపోయి ఉంది. బ్రేకు మీద వేళ్ళున్నాయి, నొక్కలేదు. భయం వేస్తుందేమోనని చూశాను. వేయలేదు.

వెనకనుంచి ఎవరో పరుగెత్తుకొచ్చి చొక్కా పట్టుకుని లాగారు. ఇద్దరం రోడ్డు మీద పడ్డాం. చూస్తే మహేశ్వరి గారు. ఆవిడ మోకాలి నుంచి రక్తం కారుతోంది.

“ఏటి సేత్తన్నావ్, సన్నీ? సెవులు లేవేటి నీకు?”

“సూద్దామనండి.”

“ఏటి సూడ్డానికి?”

“ఇలాంటి గాల్లో మా నాన్నకి ఎలాగున్నాదో.”

ఆవిడ నా చొక్కా వదల్లేదు. “మీ నాన్న సూద్దామని ఎల్లలేదు గదా, బాబూ. ఒడ్డుకొచ్చీడానికే సూసుంటాడు,” అన్నారు.

గాలి తగ్గేదాకా అందరం సైకిళ్ళు పట్టుకుని నడిచాం. నన్ను కొండవైపు ఉంచి, లోయవైపు వాళ్ళు నడిచారు. తర్వాత పాడేరు మీదుగా దిగి ఊరు చేరాం. ఇక ఎవరికీ ఏమీ కాలేదు.

అమ్మా, నాన్నతో బోటులో ఉన్న దుర్గారావు మామ, కెరటం నాన్నని లాక్కుపోవడం కళ్ళారా చూశానని చెబితే నువ్వు నమ్మలేదు. ఇంకో బోటువాళ్ళు ఎక్కించుకుని ఉంటారన్నావు. నేనూ అవునన్నాను. నమ్మి కాదు, ఆ పూటకి నువ్వు అన్నం తింటావని. మామ చెప్పిందే నిజం. నాన్న రాడు. ఈ మాట రాసేదాకా నాలో నేను కూడా అనుకోలేదు.

శనివారం రైలెక్కుతున్నాను. నిన్ను ఇంటికి తీసుకొచ్చాక నాన్నకి చేయాల్సినవి చేద్దాం. నా మీద కోపమొస్తే కొట్టు. నాకింకా ఏడుపు రాలేదు, వస్తుందో లేదో తెలియదు. నువ్వు ఏడిస్తే పక్కన కూర్చుంటాను. అది చేయగలను.

ఇట్లు,
నీ కొడుకు
సన్నీ