మిర్చి ఆయన్నే ఎందుకు కరుస్తుంది

శుక్రవారం రాత్రి, ఎడిసన్

మా ఆయన మళ్ళీ కరిపించుకున్నారు. ముంగిసలా ఉండే ఈ పెంపుడు ఫెరెట్ పిల్లకి కరవకూడదని ఎలా నేర్పించాలో ఆయన చూడని వీడియో లేదు. కరిస్తే చెయ్యి లాక్కోవద్దు, అరవద్దు, కాసేపు కేజ్‌లో పెట్టి పట్టించుకోవద్దు అంటూ మిర్చి ఇంటికి వచ్చినప్పటి నుంచీ నాకూ మా అన్వికీ క్లాసులు పీకుతున్నారు. పదేళ్ళ పిల్ల అలాగే చేసింది. ఇప్పుడు మిర్చి దాని ఒళ్ళోనే నిద్రపోతోంది.

ఈ పెద్దమనిషి మాత్రం టీమ్ అవుటింగ్ నుంచి వస్తూనే దాన్ని ఎత్తుకున్నారు. అది ఆయన వేళ్ళు వాసన చూసింది, నాకింది, కసుక్కున కొరికింది. ఇల్లు ఎగిరిపోయేలా అరిచి చెయ్యి లాక్కున్నారు.

"దీనికి ట్రైనింగ్ ఎక్కదు. రేపే యానిమల్ షెల్టర్‌లో ఇచ్చేద్దాం."

అన్వి ఏడుపు మొదలుపెట్టింది. "నన్ను బైట్ చెయ్యట్లేదు కదా డాడీ! నిన్నే ఎందుకు చేస్తుంది?"

ఎందుకో ప్లాస్టర్ వేస్తున్నప్పుడు నాకు తెలిసింది. ఆ వేళ్ళకి చికెన్ వింగ్స్ వాసన. పెళ్ళయిన కొత్తలో, ఇంట్లో నీచు వాసన రాకూడదని నా చేత గుడ్డు కూడా మాన్పించిన మహానుభావుడు!

"ఈసారి టీమ్ అవుటింగ్ నుంచి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కుని ఎత్తుకోండి. కరవదు" అన్నాను.

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. సింక్ దగ్గర చాలాసేపు నీళ్ళు పారాయి. షెల్టర్ మాట మళ్ళీ ఎత్తలేదు.

రేపు ఓక్ ట్రీ రోడ్డులో ఇండియన్ షాపుకి వెళ్ళి చికెన్ తెస్తాను. మిర్చికి కొంచెం, మిగతాదంతా నాకు.

ఆయనకి పెరుగన్నం.