నలభయ్యో పొట్లం

అత్తయ్యా,

దేదీప్యని స్కూల్ బస్ ఎక్కించాక తీరిగ్గా చదవండి. కొండల్లో ఈ ట్రెయిల్ మీద నలభై రోజుల నడక మొదలుపెట్టి ఇవాల్టికి ముప్ఫై నాలుగు రోజులు. కాళ్ల బొబ్బలు మానాయి. మొన్న కొండ మీద నిలబడితే మబ్బులు నాకంటే కింద ఉన్నాయి. మీరూ చూస్తే బాగుండుననిపించింది.

మీకొక సంగతి చెప్పలేదు. ఆరోరోజు రాత్రంతా వానకి తడిసి టెంట్‌లో ఏడ్చాను. మర్నాడు కొండ దిగి, ఊళ్లోంచి మీ అబ్బాయికి ఫోన్ చేశాను.

"వారం కూడా ఉండలేవని ముందే చెప్పాగా! అక్కడే ఉండు, కార్ తెస్తా" అన్నారు.

వారానికి సరిపడా తిండితో మీరు ఆ ఊరికి ముందే పంపిన డబ్బా వృథా పోకూడదని పోస్టాఫీసుకి వెళ్లాను. పైన మీ మనవరాలు దేదీప్య వంకర అక్షరాల్లో అడ్రస్. లోపల మీరు వండి, మన ప్లెయిన్స్‌బరో ఇంటి బాల్కనీలో వడియాల్లా ఎండబెట్టిన పప్పన్నం పొట్లాలు. ఒక్కోదాని మీద రోజు అంకె, ఎనిమిది నుంచి పద్నాలుగు దాకా. అన్ని రోజులకీ ఎందుకని నేను వద్దంటున్నా వినకుండా నలభై పొట్లాలు కట్టారు మీరు. నేనే నమ్మలేదు అత్తయ్యా, మీరు నమ్మారు.

కార్ వద్దని ఫోన్ చేసేశాను.

నలభయ్యో పొట్లం మాత్రం ఒక్కదాన్నే తినను. శనివారం మీ అబ్బాయి, దేదీప్యలతో ట్రెయిల్ చివరికి రండి. అక్కడి దారి చదునే, మీ మోకాళ్లకి ఫర్వాలేదు. ఇన్ని పొట్లాలు కట్టారే గాని, వేణ్ణీళ్లు పోశాక ఆ అన్నం ఎంత బాగుంటుందో మీరింకా రుచే చూడలేదు. మీరు ఊరికే కూర్చోండి. నీళ్లు నేను కాస్తాను.

మీ కోడలు